నేల మీద ఏముంది: ఒక గోడౌన్ ప్రాజెక్టు డైరీ

మొదలు

మా గోడౌన్‌లో మనుషులు పడటం ఎక్కువైందని, అందరికీ ఒక ట్రైనింగ్ పెట్టి 'చూసి నడవండి' అని నాలుగు బోర్డులు తగిలించమని పైనుంచి మాట వచ్చింది. పని నాకు అప్పగించారు. బోర్డులు ఆర్డర్ పెట్టే ముందు కొంత టైమ్ అడిగాను. గోడ మీద ఏం రాయాలో తేల్చేలోపు నేల మీద ఏముందో చూడాలి కదా అన్నాను. రెండు షరతులతో ఒప్పుకున్నారు: ర్యాకులు కదపకూడదు, డిస్పాచ్ ఆగకూడదు. అప్పటినుంచి రాసుకుంటున్న నోట్స్ ఇవి. ఇదే పనిలో ఉన్నవాళ్లకు ఎక్కడో ఒకచోట అక్కరకు రావచ్చు.

రిజిస్టర్ తిరగేయడం

ప్రమాదాల రిజిస్టర్‌లో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. పాత పేజీలు తిరగేస్తే దాదాపు అన్నిచోట్లా ఒకటే మాట: అజాగ్రత్త. అక్కడక్కడా 'చూసుకోలేదు', 'తొందరపడ్డాడు'. రాసినవాళ్లను అనడానికి లేదు. గడి చిన్నది, నింపాల్సింది షిఫ్ట్ మధ్యలో, పైగా ఆ ఒక్క మాట రాస్తే ఇంకెవరూ ఏమీ అడగరు.

ఈ అలవాటు మా దగ్గర పుట్టింది కాదు. హెర్బర్ట్ హైన్రిక్ అని అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసినాయన 1931లోనే ప్రమాదాల్లో 88 శాతానికి మనుషుల తప్పు పనులే కారణమని రాశాడు. ఆయన చూసినవి ఇన్సూరెన్స్ క్లెయిములు, ఫ్యాక్టరీలవాళ్లు రాసిన రిపోర్టులు. అంటే ఆ రోజుల్లో కూడా 'కారణం' గడి నింపింది పడినవాడు కాదు. తర్వాతివాళ్లు సరిచూద్దామంటే ఆ మూల కాగితాలు దొరకలేదు. అయినా ఆ అంకె మాత్రం ఇప్పటికీ ట్రైనింగ్ స్లైడుల్లో తిరుగుతూనే ఉంది.

కాబట్టి కారణం గడిని పక్కనపెట్టి గాయం గడిని చదివాను. అందులో అబద్ధం రాయడం కష్టం. మణికట్టు, మోకాలిచిప్ప, గడ్డం, ముందు పళ్లు అని ఉంటే మనిషి బోర్లా పడ్డాడు, అంటే కాలికి ఏదో తగిలింది. తుంటి, మోచేయి, తల వెనకభాగం అని ఉంటే వెల్లకిలా పడ్డాడు, అంటే కాలు జారింది. చీలమండ బెణికిందని ఉంటే, నేల ఉంటుందనుకున్న ఎత్తులో నేల లేదు. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే సూత్రం కాదు గానీ పాత పేజీలకు కొంత ప్రాణం పోస్తుంది. మా రిజిస్టర్‌లో మణికట్లు, మోకాళ్లు ఎక్కువ. అంటే నేను మొదట వెతకాల్సింది నూనె మరకల్ని కాదు, కాలికి తగిలేవాటిని.

మామూలుగా నడిచేటప్పుడు ముందుకు వచ్చే కాలి బొటనవేలు నేలకు సెంటీమీటరో, రెండు సెంటీమీటర్లో ఎత్తులో సాగుతుంది, అంతే. అదీ కాలు మంచి వేగంతో ముందుకు దూసుకెళ్లే క్షణంలోనే. ఇంత కొంచెం ఖాళీతో మనం రోజంతా పడకుండా నడుస్తున్నామంటే నేల సమంగా ఉంటుందని కాలికి నమ్మకం కాబట్టే. కంటికి ఆనని చిన్న మెట్టు ఉంటే చాలు, ఆ నమ్మకం దెబ్బతింటుంది. మోకాలెత్తు పెట్టెకు తట్టుకుని పడేవాళ్లు తక్కువ, వేలెడంత అంచుకు పడేవాళ్లే ఎక్కువ. పెద్దది ఎలాగూ కనబడుతుంది.

తగిలాక పడటమా, నిలదొక్కుకోవడమా అన్నది కూడా జాగ్రత్తను బట్టి ఉండదు. కాలు అప్పుడే లేస్తుండగా తగిలితే దాన్ని ఇంకొంచెం ఎత్తి అడ్డం దాటించేస్తాం. అడుగు వేయబోతుండగా తగిలితే ఆ కాలిని అక్కడే దించేసి రెండో కాలితో గబుక్కున దాటాలి. రెండూ ఆలోచించి చేసేవి కావు, ఒళ్లే చేసుకుంటుంది. దానికి చేతులు సాయం కావాలి. గోడౌన్‌లో చేతుల్లో కార్టన్ ఉంటుంది. బరువు ముందే ఉంది కాబట్టి ఒళ్లు ముందుకు తూలుతుంది, చేతులు ఖాళీ లేవు, కార్టన్ అడ్డం వల్ల తర్వాతి అడుగు పడే చోటు కనబడదు. ఇన్ని ఉండగా 'చూసి నడవండి' అన్న బోర్డు ఎవరికి ఏం చెబుతుంది?

మ్యాప్, ఎర్ర చుక్కలు

పడినవాళ్ల లెక్క మీద ఆధారపడితే నెలలు పడుతుంది. అందుకని తూలినవాళ్లను కూడా కలిపాం. గోడౌన్ లేఅవుట్‌ను పెద్ద షీట్ మీద ప్రింట్ తీసి, స్కానర్లు తీసుకునే కౌంటర్ పక్కన గోడకు అంటించి, దాని కింద ఎర్ర స్టిక్కర్లు పెట్టాను. ఎక్కడైనా కాలు తగిలినా, జారినా, మడతపడినా షిఫ్ట్ దిగేటప్పుడు అక్కడ ఒక చుక్క అంటించాలి. పేరు అక్కర్లేదు, కారణం అసలే అక్కర్లేదు.

మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. చుక్క పెడితే సీసీటీవీ వెనక్కి తిప్పి ఎవరో చూస్తారని అనుమానం. రాత్రి షిఫ్ట్ సూపర్‌వైజర్ తనే వచ్చి, తను తూలిన చోట అందరి ముందూ ఒకటి అంటించాడు. ఆ తర్వాత కదలిక వచ్చింది.

ఈ చుక్కలకు శాస్త్రీయమైన విలువేమీ లేదని నాకు తెలుసు. ఎక్కువమంది తిరిగేచోట ఎక్కువ చుక్కలు పడతాయి. ఒకడు సరదాకి మేనేజర్ గది గుమ్మం ముందు గుత్తిగా అంటించాడు. అయినా ఒక విషయం తేలింది. మేం ప్రమాదకరం అనుకున్న ర్యాకుల మధ్య దారులు దాదాపు ఖాళీ. చుక్కలన్నీ సరుకు విప్పే చోటికి, డాక్‌కీ (లారీలు ఆనించి సరుకు ఎక్కించే, దించే గట్టు) మధ్య, ఇంకా ర్యాకుల వరస చివర మలుపుల్లో. ఒకచోట చుక్కలు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి. ఆ గీత సంగతి తర్వాత.

స్ట్రాప్

విప్పే చోట నిలబడి చూశాను. ఎవరినీ ఏమీ అడగకుండా ఒక షిఫ్ట్ అంతా చూడాలనే అనుకున్నా గానీ, మధ్యలో ఒక ప్లాస్టిక్ స్ట్రాప్ తీసుకుని దాంతోనే చాలాసేపు గడిచిపోయింది.

ప్యాలెట్‌కు, అంటే సరుకు పేర్చే చెక్క చట్రానికి, కట్టిన స్ట్రాప్‌ను కట్టర్‌తో తెంపితే చటుక్కున విడిపోయి నేల మీద పడుతుంది. తాడులా చాపగా పడుకోదు. కార్టన్ మూలల దగ్గర పడ్డ మడతలు దాంట్లో అలాగే ఉండిపోతాయి కాబట్టి ఆ మడతల మధ్య భాగం నేల నుంచి రెండు మూడు వేళ్ల ఎత్తులో కమానులా లేచి ఉంటుంది. నేలకు అంత దగ్గరగా వెళ్లే బొటనవేలు సరిగ్గా దాని కిందికే దూరుతుంది.

అది ఊరికే తగిలితే ఏమీ కాదు, కాలితోపాటు జరిగిపోతుంది. చిక్కంతా రెండో కాలితోనే. ఒక కాలు స్ట్రాప్ కొసను తొక్కి ఉంటుంది, రెండో కాలు ఆ కమానులోకి దూరుతుంది. ఇప్పుడు స్ట్రాప్ జరగదు, ఎందుకంటే దాన్ని మన బరువుతో మనమే తొక్కిపట్టాం. మన కాళ్లకు మనమే బంధం వేసుకున్నట్టు. ప్యాలెట్ మీది సరుకును బిగించి పట్టేందుకు చేసిన స్ట్రాప్ మనిషి అడుగుకు తెగుతుందా? దీని మీద పడినవాళ్లు చేతులు చాపే టైమ్ కూడా ఉండదంటారు. అది నిజమేనని నెమ్మదిగా, రెండు చేతులతో ర్యాక్ స్తంభాన్ని పట్టుకుని చేసి చూశాక అర్థమైంది.

మరి నేల మీద ఎందుకు పడేస్తున్నారు? అడిగితే ఒక లోడర్ అన్నమాట ఇది: "ఇంకెక్కడ వేయమంటారు సార్? డబ్బా ఆ గోడ దగ్గరుంది. నేను ఇక్కడ కోస్తాను. ప్రతి ప్యాలెట్‌కీ అక్కడిదాకా వెళ్లొస్తే నా లెక్క ఎప్పుడు పూర్తవుతుంది?"

డబ్బా గోడ దగ్గర ఎందుకు ఉందంటే ఫోర్క్‌లిఫ్ట్‌కు అడ్డం రాకూడదని. అంటే ఫోర్క్‌లిఫ్ట్‌కు అడ్డం రాకుండా డబ్బా జరిపి, మనుషుల కాళ్లకు అడ్డం వచ్చేలా స్ట్రాప్ పరిచామన్నమాట. ఎవరూ కావాలని చేసింది కాదు. లేఅవుట్ గీసినప్పుడు డబ్బాను చెత్తగా చూశారు, పనిముట్టుగా చూడలేదు.

చేసిన మార్పులు చిన్నవే. చక్రాల డబ్బా ఒకటి, విప్పేవాళ్ల వెంట కదిలేది, చేయి చాపితే అందేంత దగ్గర. మూతి వెడల్పుగా ఉండాలి. సన్న మూతి డబ్బా పెట్టి చూస్తే స్ట్రాప్ స్ప్రింగులా బయటకు తన్నుకొచ్చింది, లోపల కుక్కడానికి రెండు చేతులూ పట్టాయి, అంత ఓపిక ఎవరికుంటుంది? స్ట్రాప్‌ను రెండుచోట్ల కోసి పొట్టి ముక్కలు చేయమన్న సలహా కూడా వచ్చింది. కాగితం మీద బాగుంది. విప్పేవాళ్లు మొహమాటం లేకుండా వద్దన్నారు, నేనూ పట్టుబట్టలేదు. పనిని పెంచే జాగ్రత్త రెండో వారానికి మాయమవుతుంది.

అసలు ముడి ఇంకోచోట తేలింది. డబ్బా నిండితే మళ్లీ నేల మీదికే. నిండిన డబ్బా ఎవరి పని అన్నది ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు ఖాళీ డబ్బా ఇంకొకటి పక్కనే ఉంటుంది, షిఫ్ట్ మారేటప్పుడు దిగేవాళ్లే మార్చి వెళ్లాలి. సరుకు చుట్టూ చుట్టే పలచని ప్లాస్టిక్, స్ట్రెచ్ ఫిల్మ్ ముక్కలకూ ఇదే పద్ధతి. ఆ ఫిల్మ్ నున్నటి కాంక్రీటు మీద పడితే తగలడం కాదు, జారడమే. పైగా నేల రంగులో కలిసిపోయి కనబడదు.

ఒంటరి ప్యాలెట్

మలుపుల దగ్గరి చుక్కలకు కారణం ఖాళీ ప్యాలెట్లు, ఫోర్కులు దించి వదిలేసిన హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కులు (ప్యాలెట్ కింద రెండు ఫోర్కులు దూర్చి, ఎత్తి, చేత్తో లాగే బండ్లు).

యూరో ప్యాలెట్ ఎత్తు 144 మిల్లీమీటర్లు. హ్యాండ్ ప్యాలెట్ ఫోర్కులు పూర్తిగా దించితే మామూలుగా 85 మిల్లీమీటర్లకు అటూఇటూ. రెండూ పిక్క సగానికి కూడా రావు. కార్టన్ పట్టుకుని మలుపు తిరిగేవాడి చూపు వాటి మీదుగా వెళ్లిపోతుంది. పది ప్యాలెట్లు దొంతరగా పెడితే దాని మీద ఎవరూ పడరు, ఒక్కటి వదిలేస్తే పడతారు. అందుకే 'ప్యాలెట్లు సర్దండి' అనే పాత రూల్ తీసేసి, 'నేల మీద ఒంటరి ప్యాలెట్ ఉండకూడదు' అని పెట్టాం. సర్దడం అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం, ఒంటరిగా ఉందా లేదా అన్నదానికి వాదన లేదు. నిలువుగా గోడకు ఆనించడం మాత్రం వద్దన్నాం. అది ఎవరి కాలి మీదో పడటానికే.

హ్యాండ్ ప్యాలెట్లకు వాడనప్పుడు ఫోర్కులు సరుకున్న ప్యాలెట్ కిందికి తోసి ఉంచాలని, లేదంటే గీత గీసిన పార్కింగ్‌లో గోడవైపు ఫోర్కులతో ఉంచాలని చెప్పాం. దారిలోకి చాచుకుని ఉన్న ఫోర్కుల కొసలకు పసుపు పెయింట్ వేయమన్నారు కొందరు. వేశాం, తప్పులేదు. కానీ ఆ కొసలు రోజంతా ప్యాలెట్ చెక్కలను రాసుకుంటూ తిరిగేవి. పెయింట్ ఎంతకాలం నిలుస్తుందో చూస్తూనే ఉన్నాం, ఇప్పటికే సగం పోయింది.

ఇక్కడే ఇంకొకటి బయటపడింది. రిజిస్టర్‌లో చీలమండ బెణుకులు కొన్ని ర్యాక్ కింది వరస దగ్గర ఉన్నాయి. అక్కడ నేల చదునుగా ఉంది, అడ్డమేమీ లేదు, ఎందుకో తోచలేదు. పికింగ్, అంటే ఆర్డర్‌కు కావాల్సిన పెట్టెలు ర్యాకుల నుంచి తీయడం, చూస్తే తెలిసింది. ప్యాలెట్ మీది సరుకు ముందువైపు అయిపోయాక మిగిలిన పెట్టెలు వెనక ఉంటాయి. వాటిని అందుకోవడానికి పికర్ ఖాళీ అయిన ప్యాలెట్ భాగం మీదికే ఎక్కుతాడు. చెక్కకూ చెక్కకూ మధ్య సందు, లేదా పగిలిన చెక్క, కాలు అందులోకి. పైగా దిగేటప్పుడు వెనక్కి దిగుతాడు, చేతుల్లో పెట్టెతో, నేల ఎంత లోతున ఉందో చూడకుండా.

ప్యాలెట్ ఎక్కకూడదని బోర్డు అప్పటికే ఉంది, ర్యాక్ స్తంభం మీద, చక్కగా బొమ్మతో సహా. బోర్డు చూసినవాడికి వెనక పెట్టె ఎలా అందుతుంది? పొడవాటి పిడి ఉన్న కొక్కెం ఇచ్చాం, పెట్టెను లాక్కోవడానికి. తేలిక పెట్టెలకు బాగుంది. బరువు పెట్టెలైతే అట్ట చిరుగుతోంది. వాటికి మాత్రం ప్యాలెట్ సగం ఖాళీ కాగానే దాన్ని బయటకు తీసి అటుది ఇటు తిప్పి పెట్టాలన్నది ఇప్పుడు నడుస్తున్న పద్ధతి. తిప్పడానికి ఫోర్క్‌లిఫ్ట్ రావాలి, అది వచ్చేసరికి లేటు. ఈ సమస్య ఇంకా తెగలేదు.

గీత గీసినట్టున్న చుక్కలు

మ్యాప్ మీద వరసగా ఉన్న చుక్కల కింద ఉన్నది కాంక్రీటు నేల అతుకు. పెద్ద నేలను పలకలుగా పోస్తారు, పలకల మధ్య అతుకులు ఉంటాయి. కాంక్రీటు ఆరేటప్పుడు పైభాగం అడుగుకంటే ముందు ఆరి ముడుచుకుంటుంది కాబట్టి పలక అంచులు కొద్దిగా పైకి లేస్తాయి. ఆ లేచిన అంచు మీదుగా ప్యాలెట్ ట్రక్కు గట్టి చిన్న చక్రాలు రోజూ కొడుతూ పోతే అంచు పొడిపొడిగా రాలుతుంది. రాలిన కొద్దీ గొయ్యి వెడల్పవుతుంది, చక్రం ఇంకా గట్టిగా కొడుతుంది.

స్ట్రెయిట్ ఎడ్జ్ (వంపులేని నిటారు బద్ద) ఒకటి అతుకుకు అడ్డంగా పెట్టి, కింద సందులోకి మందం తెలిసిన గేజ్ పలకలు దూర్చి కొలిచాం. నడిచే దారుల్లో 6 మిల్లీమీటర్ల దాకా నిలువు తేడాను మామూలుగా వదిలేస్తారు, అమెరికా ప్రమాణాల్లో పావు అంగుళం అంటారు. అది దాటి అర అంగుళం లోపు అయితే అంచును వాలుగా అరగదీయాలి, అంతకు మించితే ర్యాంప్ కావాలి. మా అతుకు చాలాచోట్ల ఆ మొదటి హద్దులోనే ఉంది. డాక్ వైపు వచ్చేసరికి దాటిపోయింది. చుక్కలు కూడా సరిగ్గా అటువైపే ఒత్తుగా ఉన్నాయి. చుక్కలకు విలువ లేదన్న నా మాట కాస్త వెనక్కి తీసుకోవాలేమో.

మెయింటెనెన్స్‌వాళ్లు పాత పద్ధతిలో సిమెంటుతో పూడ్చేద్దామన్నారు. గతంలో పూడ్చిన చోట్లు చూపించాను, ముక్కలుగా ఊడి, ఊడిన ముక్కలే కాళ్లకు తగులుతున్నాయి. పలచగా వేసిన సిమెంటు చక్రాల దెబ్బకు ఆగదు. కావాల్సింది కాస్త సాగే గుణం, చక్రం బరువు మోసే గట్టిదనం రెండూ ఉన్న ఎపాక్సీ జాయింట్ ఫిల్లర్, అంటే అతుకులో పోస్తే గట్టిపడే జిగురులాంటిది. పని వరస ఇది: రాలిన అంచును రెండువైపులా రంపంతో నిటారుగా కోయాలి, వదులుగా ఉన్నదంతా తీసేయాలి, దుమ్ము వాక్యూమ్‌తో లాగేయాలి, తడి లేకుండా చూడాలి, ఫిల్లర్‌ను నేలకంటే కాస్త ఉబ్బెత్తుగా పోయాలి, గట్టిపడ్డాక బ్లేడుతో నేల సమానంగా చెక్కేయాలి. ఎత్తుగా ఉన్న పలకను గ్రైండింగ్ చేయాలి. ఇందులో అందరూ ఎగ్గొట్టేది దుమ్ము తీయడం. దుమ్ము మీద పోసిన ఎపాక్సీ దుమ్మునే పట్టుకుంటుంది, కాంక్రీటును కాదు.

మొదటి విడత అయిపోయింది. పోసిన భాగం మీద వేలితో రాస్తే అతుకు ఎక్కడుందో రంగును బట్టి తప్ప తెలియడం లేదు. హ్యాండ్ ప్యాలెట్ లాగేవాళ్లు దీని గురించే ఎక్కువ సంతోషించారు, పడటం గురించి కాదు. చక్రం కొట్టుకోవడం ఆగింది, మణికట్టు నొప్పి తగ్గిందట.

గీతల టేప్

నడిచే దారులకు పసుపు టేప్ వేశాం. ప్యాలెట్లు ఈడ్చే చోట టేప్ అంచు లేచి, చుట్టుకుని, దానికే కాళ్లు తగలడం మొదలైంది. పడకుండా వేసిన టేప్ మీద పడటం చూసి రాత్రి షిఫ్ట్‌వాళ్లు బాగా నవ్వుకున్నారు. ఇప్పుడు ఈడ్చే చోట్ల పెయింట్, మిగతాచోట్ల టేప్. గుమ్మం దగ్గర వేసే రబ్బరు మ్యాట్లదీ ఇదే కథ, మూల లేస్తే మ్యాట్ తీసేయడమే నయం.

వెలుతురు

పనిచోట్ల వెలుతురుకు యూరప్‌లో వాడే ఈఎన్ 12464-1 ప్రమాణం 2011 నాటి ప్రతిలో మనుషులు తిరిగే ర్యాక్ దారులకు 150 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలని ఉంది. మీటర్‌తో కొలిస్తే మా దారుల మధ్యలో సరిపోయింది. నేల మీద, ర్యాక్ వారగా కొలిస్తే సరిపోలేదు. లైట్లు కప్పుకు ఉన్నాయి, ర్యాకులు నిండితే నీడ కిందికి దిగుతుంది. ఖాళీ ర్యాకులప్పుడు కొలిచి సరే అనుకున్నట్టున్నారు.

దీనికంటే పెద్ద ఇబ్బంది డాక్ గుమ్మం. ఎండ వెలుతురులోంచి లోపలికి వచ్చినవాడి కళ్లు సర్దుకోవడానికి టైమ్ పడుతుంది, సర్దుకునేలోపే పది అడుగులు వేసేస్తాడు. ఆ పది అడుగుల మేర లైట్లు పెంచమని రాశాను. అలాగే ఆ మేరలో నేల మీద ఏమీ దించకూడదని గీత గీశాం. లైట్లు ఇంకా రాలేదు, గీత మాత్రం పనిచేస్తోంది.

చెమట పట్టే నేల

కొన్ని రోజుల్లో డాక్ దగ్గర నేల తడిగా ఉంటుంది, కప్పు కారదు, పైపు లేదు. రాత్రంతా చల్లబడిన కాంక్రీటు పొద్దున్నే వచ్చే తేమగాలి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కంటే చల్లగా ఉంటే ఆ తేమ నేల మీదే నీరవుతుంది. తుడిచినా మళ్లీ వస్తుంది. తలుపులు తెరిస్తే ఆరుతుందని తెరుస్తారు, దాంతో ఇంకొంత తేమగాలి లోపలికి వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నేల వేడి, మామూలు మీటర్‌తో గాలి వేడి, తేమ చూసి డ్యూ పాయింట్ లెక్కగట్టి, నేల వేడి దానికి దగ్గరపడే రోజుల్లో తలుపులు మూసి ఫ్యాన్లు వేయాలని పెట్టాం. ఫలితం చెప్పేంత అనుభవం ఇంకా రాలేదు.

తడికంటే నన్ను ఆశ్చర్యపరిచింది తుడవడం. సబ్బు ఎక్కువ కలిపి, ఒకే మాప్‌తో తుడిచి, మంచినీళ్లతో మళ్లీ తుడవకపోతే నేల మీద పలచని పొర మిగులుతుంది. ఆరినప్పుడు తెలియదు, తడి తగిలితే జారుతుంది. జారుడును పెండ్యులం టెస్ట్‌తో (రబ్బరు ముక్క తగిలించిన లోలకం నేలను రాసుకుంటూ ఊగే పరీక్ష) కొలుస్తారు, బ్రిటన్‌లో 36, ఆపైన వస్తే జారే ప్రమాదం తక్కువని లెక్క. అది కొలిచే యంత్రం మా దగ్గర లేదు, బయటివాళ్లను పిలిచి చేయించాలి. ఈలోగా సబ్బు కొలతకు ఒక కప్పు కట్టించాం. షూల అడుగు గాడుల్లో కార్టన్ దుమ్ము గట్టకట్టి ఉంటే ఎంత మంచి షూ అయినా నున్నటి అట్టే. కొత్త షూలు అడిగే ముందు బ్రష్‌లు అడిగాను.

డాక్ అంచు

పడేవాళ్లలో ఎక్కువమంది ఉన్నచోటే పడతారు. పైనుంచి కిందికి పడేవాళ్లు తక్కువే గానీ దెబ్బ పెద్దది. డాక్ ఎత్తు సుమారు 1.2 మీటర్లు. అమెరికా నియమాల్లో మామూలు పనిచోట్ల అంచుకు రక్షణ తప్పనిసరయ్యే ఎత్తు కూడా ఇదే, నాలుగు అడుగులు. అయినా చూసేవాళ్లకు అది గట్టులాగే కనబడుతుంది, దూకేస్తారు. మెట్లు ఎక్కడున్నాయి అంటే చివరి డాక్ అవతల. మళ్లీ డబ్బా కథే.

రెండు పాయింట్లు రాసి ఇచ్చాను. మధ్యలో ఇంకొక మెట్ల వరస. వాడని డాక్‌లకు గేట్ లేదా గొలుసు. లారీ బాడీ నుంచి దిగేటప్పుడు లారీవైపు మొహం పెట్టి, రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్లు ఒక చేయి ఎప్పుడూ ఆనించి దిగాలని నేర్పుతున్నాం. చేతిలో స్కానర్ ఉంటే ఇది కుదరదని ఒకతను వెంటనే చూపించాడు. స్కానర్లకు నడుం క్లిప్పులు తెప్పించాం. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికీ బయటికీ తిరిగేటప్పుడు లారీ కొంచెం కొంచెంగా ముందుకు జరిగి డాక్ ప్లేట్ (డాక్‌కూ లారీకీ మధ్య వంతెనలా వేసే పలక) అంచుకూ లారీకీ మధ్య సందు రావడం వేరే పెద్ద విషయం, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టే డ్రిల్ దానికి విడిగా నడుస్తోంది.

బోర్డు గురించి గొడవ

గేటు లోపల 'ప్రమాదం లేని రోజులు' అని అంకెల బోర్డు ఉంది. అంకె పెరిగితే షిఫ్ట్‌కు బహుమతి. దాన్ని తీసేద్దామన్నాను. మేనేజర్ గారు, "తీసేస్తే పైవాళ్లు అడుగుతారయ్యా, ఏం చెప్పను?" అన్నారు.

నా వాదన ఇది. మోకాలు చెక్కుకున్నవాడు రిపోర్ట్ చేస్తే అంకె సున్నాకి వస్తుంది, షిఫ్ట్ మొత్తానికి బహుమతి పోతుంది. తోటివాళ్లు ఏమీ అనక్కర్లేదు, వాడే గుడ్డ చుట్టుకుని పనిలోకి వెళతాడు. ఆ అతుకు మీద అంతకుముందు ఎంతమంది తూలారో మాకు తెలియకపోవడానికి ఈ బోర్డే కారణమని నేను నిరూపించలేను. కానీ స్టిక్కర్లకు పేరు అక్కర్లేదనగానే చుక్కలు ఎందుకు కుప్పలుగా వచ్చాయో ఆలోచించమన్నాను. బహుమతి ఇవ్వాలంటే చూపించిన ప్రమాదాలకు, సరిచేసినవాటికి ఇవ్వండి అన్నాను. చుక్కలు పెరగడం చూసి ఆఫీసులో టెన్షన్ పడ్డారు, ప్రాజెక్టు మొదలయ్యాకే ప్రమాదాలు పెరిగాయేంటని. పెరిగింది చెప్పడం, పడటం కాదు అని రెండు మీటింగుల్లో వివరించాల్సి వచ్చింది. వైద్యం దాకా వెళ్లిన గాయాల్ని, తూలిన చుక్కల్ని ఇప్పుడు వేర్వేరు షీట్లలో రాస్తున్నాం, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని అనుకోకుండా.

బోర్డు ఇంకా ఉంది. అంకె మార్చడం మాత్రం ఆపేశారు, ప్రస్తుతానికి అది రాజీ.

రిజిస్టర్‌లో 'కారణం' గడి మారింది. అక్కడ ఇప్పుడు మూడు ప్రశ్నలు: కాలికి తగిలింది లేదా కాలు జారింది దేనివల్ల? అది అక్కడికి ఎలా వచ్చింది? పడినప్పుడు చేతుల్లో ఏముంది? మొదటి ప్రశ్నకు అందరూ రాస్తున్నారు. రెండోదానికి ఇంకా ఖాళీ గడులే ఎక్కువ. సూపర్‌వైజర్లతో కూర్చుని పాతవి కొన్ని తీసి రెండో ప్రశ్నకు జవాబు ఎలా వెతకాలో కలిసి రాస్తున్నాం.

ఇప్పుడు చేతిలో ఉన్నవి

అతుకు రెండో విడత డాక్ వైపు మిగిలింది. అక్కడ ఎక్కువ గ్రైండింగ్ ఉంది, దుమ్ము సరుకు మీద పడకుండా కవర్లు కట్టాలి కాబట్టి డిస్పాచ్ లేని రోజు కోసం ఆగాం. ప్యాకింగ్ టేబుళ్ల ప్రింటర్ వైర్లు నేల మీదుగా పోతున్నాయి, పైనుంచి దించడానికి ఎలక్ట్రీషియన్ కొలతలు తీసుకున్నాడు, అప్పటిదాకా వాలు అంచుల కవర్ వేశాం. బరువు పెట్టెల ప్యాలెట్లు తిప్పడానికి ఫోర్క్‌లిఫ్ట్ ఎప్పుడు వస్తుందో పికర్‌కు తెలిసేలా స్కానర్‌లో ఒక బటన్ పెట్టించగలమా అని సాఫ్ట్‌వేర్‌వాళ్లను అడిగాను, చూస్తామన్నారు. మ్యాప్ షీట్ నిండిపోయింది. పాతదాన్ని తీసి ఫైల్‌లో పెట్టి కొత్త ప్రింట్ అంటించాను, ఈసారి చుక్కలకు రెండు రంగులు, తగిలితే ఎరుపు, జారితే నీలం. నీలం స్టిక్కర్లు స్టోర్‌లో అయిపోయాయి, ఇండెంట్ పెట్టాను.